అసెక్సువల్ అంటే ఒక్కొక్కరూ ఒక్కో అర్థం చెబుతున్నారు. ఆ మాట నాకు వర్తిస్తుందా, లేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీకు 28 ఏళ్లు, ఊరు నెల్లూరు, ఉద్యోగం బెంగళూరు బెళ్లందూరులో. ఇంతవరకు మగవాళ్ల మీద గానీ ఆడవాళ్ల మీద గానీ మీకు లైంగిక ఆకర్షణ కలగలేదు. రెండేళ్ల క్రితం అసెక్సువల్ అనే మాట కంటపడి, హమ్మయ్య, నాలాంటివాళ్లు ఉన్నారన్నమాట అనుకున్నారు. తీరా ఒక వాట్సాప్ గ్రూపులో చేరితే, హస్తప్రయోగం అలవాటు ఉందని చెప్పినందుకు ఒకావిడ 'అయితే నువ్వు ఏస్ కాదు' అనేశారు (అసెక్సువల్‌నే పొట్టిగా ఏస్ అంటారు). ఇంకొకరేమో అప్పుడప్పుడు ఆకర్షణ కలిగేవాళ్లు కూడా ఏసే అన్నారు. మీ రూమ్మేట్ థైరాయిడ్ టెస్ట్ చేయించుకోమంటోంది. ఇంట్లో సంక్రాంతిలోపు సంబంధం ఖాయం చేయాలని తొందరపడుతున్నారు. వీళ్లలో ఎవరి మాట కరెక్టు, ఆ పేరు మీరు పెట్టుకోవచ్చా అని అడిగారు.

పెట్టుకోవచ్చు. హస్తప్రయోగానికీ ఈ మాటకూ సంబంధం లేదు. అసెక్సువల్ అనే మాట చెప్పేది ఎదుటి మనిషి మీద లైంగిక ఆకర్షణ కలగడం, కలగకపోవడం గురించి. ఒంట్లో కోరిక ఎంత ఉంది, మీరు ఏం చేస్తారు, ఏం చేయరు అన్నవి వేరే లెక్కలు. ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. పెళ్లి మాటల దగ్గర మీకు ఈ పేరు పెద్దగా పనికిరాదు. ఎందుకో కింద రాశాను. సగంలో ఆపేసేట్టయితే ముందు ఆ భాగం చదివి ఆపండి.

నేను బెంగళూరు జయనగర్‌లో 16 ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. మాది అనంతపురం వైపు. తెలుగులో మాట్లాడొచ్చని వైట్‌ఫీల్డ్, మారతహళ్లి నుంచి కూడా ట్రాఫిక్‌లో పడి వస్తుంటారు. వాళ్లలో ఈ విషయం మీద వచ్చేవాళ్లు తక్కువే. పెళ్లయ్యాక 'మా ఆయనకు ఏదో సమస్య' అనో, 'మా కోడలు అదోలా ఉంటోంది' అనో వచ్చి, మూడో నాలుగో సిట్టింగ్‌లో అసలు విషయం బయటపడేవే ఎక్కువ. కింద చెప్పే మనుషుల వివరాలన్నీ గుర్తుపట్టలేనట్టు మార్చాను.

ఇంత గొడవ ఎందుకంటే, ఈ మాటను ఒకరు కాదు, చాలామంది, వేర్వేరు అవసరాలకు తయారు చేసుకున్నారు. 1948లో అమెరికాలో కిన్సీ అనే పరిశోధకుడి బృందం మగవాళ్ల లైంగిక జీవితం మీద పెద్ద పుస్తకం వేసింది. ఎవరికి ఆడవాళ్ల వైపు మొగ్గు, ఎవరికి మగవాళ్ల వైపు అని సున్నా నుంచి ఆరు దాకా ఒక కొలబద్ద పెట్టి, అందులో ఎక్కడా ఇమడని వాళ్లకు ఎక్స్ అని గుర్తు పెట్టారు. పేరు కూడా లేదు, ఉత్త ఎక్స్. ఆ తర్వాత 2001లో డేవిడ్ జే అనే కుర్రాడు ఏవెన్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టి, లైంగిక ఆకర్షణ కలగని మనిషి అసెక్సువల్ అని నిర్వచనం రాసుకున్నాడు. విడివిడిగా బాధపడుతున్న వాళ్లను ఒకచోట చేర్చడం అతని అవసరం. 2004లో కెనడాకు చెందిన ఆంథొనీ బొగార్ట్ అనే శాస్త్రవేత్త, బ్రిటన్‌లో 18 వేలమందికి పైగా పాల్గొన్న పాత సర్వే ఒకటి తీసుకుని చూస్తే, 'ఎవరి మీదా ఎప్పుడూ ఆకర్షణ కలగలేదు' అన్నవాళ్లు సుమారు 1 శాతం తేలారు. ఇప్పుడు అందరూ చెప్పే ఆ 1 శాతం అక్కడిదే.

ఇక్కడ చూడండి. లెక్క తీసేవాళ్లకు గట్టి గీత ఉండాలి, లేకపోతే ఎవరిని లెక్కించాలో తేలదు. అందుకే 'ఎవరి మీదా, ఎప్పుడూ' అన్న షరతు. మనుషుల్ని కలుపుకునేవాళ్లకు ఆ గీత అడ్డం. గుమ్మం దగ్గరికి వచ్చిన మనిషిని 'నీకు ఇంటర్లో ఒకసారి ఎవరో నచ్చారు కదా, వెళ్లిపో' అని ఎలా అంటారు? అందుకే మెల్లగా 'అసలు కలగని, లేదా బాగా అరుదుగా కలిగే' అని అర్థం సాగింది. గ్రే (అరుదుగా మాత్రమే కలిగేవాళ్లు), డెమీ (అనుబంధం ఏర్పడ్డాకే కలిగేవాళ్లు) అనే పేర్లు ఆ సాగదీతలో వచ్చినవే. మీ గ్రూపులో కొట్టుకుంటున్న ఇద్దరూ చెరొక అవసరాన్ని పట్టుకుని ఉన్నారు.

మీతో 'నువ్వు కాదు' అన్నావిడ వాదన కూడా ఆవిడ సొంతం కాదు. ఒంట్లో కోరికే లేనివాళ్లు మాత్రమే అసలైన అసెక్సువల్స్ అని ఏవెన్ మొదలైన రోజుల్లోనే కొందరు విడిగా జెండా పట్టారు. ఆ వాదన నిలబడలేదు. 2011లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ల్యాబ్‌లో శృంగార దృశ్యాలు చూపించి కొలిస్తే, అసెక్సువల్ స్త్రీల శరీర స్పందన మిగతా స్త్రీలకు భిన్నంగా కనిపించలేదు. ఒళ్లు తన పని తాను చేసుకుపోతుంది. అది ఎవరి వైపు తిరుగుతుంది, అసలు ఎవరి వైపైనా తిరుగుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఈ గట్టి గీత వల్ల నేనే ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. 2013లో కర్నూలు వైపు అబ్బాయి ఒకతను వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఒక సీనియర్ మీద రెండు నెలలు ఏదో అనిపించిందని, దానికి ముందూ వెనకా ఏమీ లేదని చెప్పాడు. హాస్టల్లో మిగతావాళ్లు హీరోయిన్ల గురించి మాట్లాడుకుంటుంటే వీళ్లంతా నటిస్తున్నారేమో అనుకునేవాడట. నేను అప్పటికి ఆ 1 శాతం పేపరు చదివి, 'ఎప్పుడూ' అన్న మాటను పట్టుకుని ఉన్నాను. 'ఒకసారి కలిగిందంటే మళ్లీ కలుగుతుంది, నీకు ఆ మాట వర్తించదు' అన్నాను. ఎంత సంతోషపడ్డాడంటే, మరుసటి వారం మైసూర్‌పాక్ డబ్బా తెచ్చి రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్లాడు. నాలుగేళ్లకు మళ్లీ వచ్చాడు, చేతిలో ఫ్యామిలీ కోర్టు నోటీసుతో. 'మీరు నార్మలే అన్నారు కదా మేడమ్, ఆ ధైర్యంతోనే పెళ్లికి ఒప్పుకున్నా' అన్నాడు. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. నిజంగానే నన్ను నమ్మి ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత నేను 'నువ్వు అవును', 'నువ్వు కాదు' అని చెప్పడం మానేశాను. దాని బదులు ఒక తెల్ల కాగితం ఇచ్చి మూడు గళ్లు గీయమంటాను. మొదటి గడిలో, ఎవరినైనా చూస్తే, తలచుకుంటే ఏమనిపిస్తుంది. రెండో గడిలో, ఎవరూ లేనప్పుడు ఒంట్లో ఏమనిపిస్తుంది. మూడో గడిలో, ఇంతవరకు ఏం చేశారు, ఏం చేయడానికి ఇబ్బంది లేదు, ఏం చేయలేరు. ప్రేమ గురించి రాయాలనిపిస్తే కాగితం వెనక్కి తిప్పి రాయమంటాను. ఎందుకంటే ఈ విషయంలో అది నిజంగానే వేరే పేజీ. మనిషి తోడు కావాలి, పడక వద్దు అనేవాళ్లు ఉన్నారు. రెండూ వద్దనేవాళ్లూ ఉన్నారు, వాళ్లను ఎరోమాంటిక్ (ప్రేమ ఆకర్షణ కూడా కలగనివాళ్లు) అని కూడా అంటారు.

ఒక భార్యాభర్తల విషయం చెబుతాను. పెళ్లయి మూడేళ్లు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్. ఆవిడ మొదటి గడి ఖాళీగా వదిలేసింది. రెండో గడిలో 'నెలకు ఒకటి రెండుసార్లు, డేట్‌కి ముందు' అని రాసింది. మూడో గడిలో: 'నేను వంట చేస్తుంటే ఆయన వెనక నుంచి వచ్చి భుజం మీద గడ్డం ఆనిస్తే చాలా ఇష్టం. అది అక్కడితో ఆగితే.' అతను కాగితం తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు. 'అంటే నేను దగ్గరికి వస్తే నువ్వు గట్టిగా అయిపోయేది, నేనంటే ఇష్టం లేక కాదా' అని అడిగాడు. అసెక్సువల్ అనే మాట ఆ గదిలో ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. (వాళ్లు కలిసే ఉన్నారా అని అడుగుతారేమో. ఉన్నారు. తేలిగ్గా మాత్రం కాదు.)

మన భాషలో ఇంకో చిక్కుంది. అలైంగికం అనే మాట మనకు స్కూల్లో జీవశాస్త్రం పాఠంలో తగులుతుంది. అమీబా రెండుగా చీలడం, హైడ్రాకు మొగ్గ రావడం, దాన్నే అలైంగిక ప్రత్యుత్పత్తి అంటాం. కావలి నుంచి రిటైర్డ్ సైన్స్ టీచరు ఒకావిడ కూతురితో వచ్చారు. కూతురు మర్యాదగా తెలుగులో చెబుదామని 'నేను అలైంగికురాలిని అమ్మా' అంది. ఆవిడ కళ్లజోడు తీసి, 'ఏమిటే, హైడ్రా లాగానా?' అన్నారు. ముగ్గురం నవ్వాం. ఇంగ్లీషువాళ్లూ ఈ జోకు వేసుకున్నవాళ్లే. 2000లో యాహూలో పెట్టుకున్న ఒక గ్రూపు పేరులోనే మానవ అమీబా ఉంది.

అయితే అమీబా కంటే ఎక్కువ తికమక పెట్టేవి మన సొంత మాటలే. బ్రహ్మచర్యం అనగానే సరిపోయింది అనుకుంటారు. సరిపోదు. నిగ్రహించాలంటే ముందు నిగ్రహించడానికి ఏదో ఒకటి ఉండాలి. దీక్షలో ఉన్న మనిషి ఆకలి ఆపుకుంటున్నాడు. మీరు దేన్నీ ఆపుకోవడం లేదు. మగవాళ్లకైతే 'సంసారానికి పనికిరాడు' అనే ఒక్క ముక్కతో తీర్పు అయిపోతుంది. నా దగ్గరికి వచ్చిన మగవాళ్లలో దాదాపు అందరూ ముందు ఏదో ఒక యాంటీబయాటిక్‌లా వయాగ్రా కోర్సు వాడి వచ్చినవాళ్లే. ఆ మందు రక్తప్రసరణకు. ఎవరినో చూసి మనసు కదలకపోవడానికి అది మందు కాదు.

ఆడపిల్లల దగ్గర ఇది పూర్తిగా తిరగబడుతుంది. డెమీ అనే పేరు మీద నాకున్న పేచీ ఇక్కడే. గాఢమైన అనుబంధం ఏర్పడ్డాక మాత్రమే ఆకర్షణ కలిగేవాళ్లను డెమీసెక్సువల్ అంటారు. 2006 ప్రాంతంలో ఏవెన్ చర్చల్లోనే ఆ మాట పుట్టింది. ఈ నిర్వచనం మన ఇళ్లలో చదివి వినిపిస్తే అమ్మమ్మలంతా 'అదేంటమ్మా, మర్యాదగల ఆడది అలాగే కదా ఉంటుంది' అంటారు. ఒకావిడ అచ్చం అలాగే అంది కూడా. నేను చాలాకాలం ఆవిడ వైపే ఉన్నాను. ఇది పెంపకం, దీనికి మళ్లీ ఒక పేరెందుకు అనుకున్నాను. తర్వాత అర్థమైంది ఏమిటంటే, అమ్మమ్మ చెప్పేది ఎలా ఉండాలో. ఈ పిల్లలు చెప్పేది ఎలా ఉందో. పరాయి మగవాడి మీద మనసు పోతే అణచుకున్న మనిషి, అసలు పోని మనిషి, బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఇద్దరికీ మంచి పిల్ల అనే పేరే వస్తుంది. ఆ మంచితనం కింద అసెక్సువల్ ఆడపిల్ల మొదటి రాత్రి దాకా ఎవరికీ కనపడదు, ఒక్కోసారి తనకు కూడా. పదహారేళ్లప్పుడు ఎవరి వైపూ చూడకపోతే మగపిల్లవాణ్ణి స్నేహితులు ఏడిపిస్తారు, ఆడపిల్లను వీధి మొత్తం మెచ్చుకుంటుంది. తేడా ఎక్కడ తెలుస్తుంది చెప్పండి?

అలాగని డెమీ అని చెప్పుకునే ప్రతి ఒక్కరినీ ఏస్ గొడుగు కిందికి తేవాలా అంటే, నా మట్టుకు నాకు ఇంకా పూర్తిగా ఒప్పుదల లేదు. కొందరు నిదానస్తులు, అంతే. కానీ అది వాళ్లకు వాళ్లు తేల్చుకోవాల్సింది. నాకు ఒప్పుదల లేదని ఎవరినీ గ్రూపులోంచి తీసేయక్కర్లేదు.

ప్రైడ్ నడకలో ఏస్‌లకు చోటుందా అన్న గొడవ గురించి కూడా ఒక ముక్క అడిగారు. బెంగళూరులో 2008 నుంచి ప్రైడ్ నడక జరుగుతోంది. నలుపు, బూడిద, తెలుపు, ఊదా రంగుల ఏస్ జెండా కూడా కనిపిస్తుంది. ఏస్‌లు క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి వాళ్లందరికీ కలిపి వాడే పేరు) అవునా కాదా అన్నది జెండా పట్టుకునేవాళ్లు తేల్చుకుంటారు. మీకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, లేకపోతే లేదు. మన దేశంలో ఏస్‌ల కోసమే పనిచేస్తున్నవాళ్లు కావాలంటే ఇండియన్ ఏసెస్ అనే సమూహం ఉంది. దాన్ని పెట్టిన డాక్టర్ ప్రగతి సింగ్ పేరు 2019లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో వచ్చింది.

ఇక మీ రూమ్మేట్ సలహా. టెస్ట్ చేయించుకోవడంలో తప్పేమీ లేదు గానీ, ముందు ఒక ప్రశ్న వేసుకోండి. మొదటి నుంచీ ఇంతేనా, లేక మధ్యలో మారిందా? ఇదివరకు ఉన్న ఆసక్తి ఆరు నెలల్లో ఏడాదిలో తగ్గిపోతే అది డాక్టర్ చూడాల్సిన విషయం. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్, డిప్రెషన్, డిప్రెషన్‌కు వాడే ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు, ఇవన్నీ కోరికను తగ్గించగలవు. మీరు రాసినదాన్ని బట్టి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే. పైగా మీకు కోరిక తగ్గిందన్న ఫిర్యాదే లేదు. అలాంటప్పుడు థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ అంకె ఎంత వచ్చినా మీ ప్రశ్నకు జవాబు దాంట్లో ఉండదు.

డాక్టర్ల పుస్తకమే ఇప్పుడు ఈ తేడాను ఒప్పుకుంది. మానసిక వైద్యులు వాడే అమెరికన్ నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 2013లో వచ్చింది. జీవితమంతా కోరిక లేని స్త్రీ తనను తాను అసెక్సువల్ అని చెప్పుకుంటే, అదే సరైన వివరణ అయితే, రుగ్మత అని రాయకూడదని అందులో ఉంది. గమనించారా, అక్కడ డాక్టర్ కొలత అడగలేదు. మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటనే లెక్కలోకి తీసుకుంది. చిన్నప్పుడు ఏదైనా చేదు అనుభవం ఉన్నవాళ్లు ఈ పేరు పెట్టుకోవచ్చా అని కూడా వాదిస్తుంటారు. నేనైతే పెట్టుకోనిస్తాను. కాకపోతే, తాకితే భయం వేస్తోందా, విసుగు వస్తోందా అని అడుగుతాను. భయం అయితే దానికి విడిగా పని చేస్తాం, పేరు ఏదైనా సరే.

ఇప్పుడు పెళ్లి సంగతి. ఒంగోలు సంబంధం ఒకటి. అబ్బాయి ఇక్కడ, ఏస్ అని తనకు తాను తెలుసుకున్నవాడు, నిజాయితీపరుడే. నిశ్చితార్థానికి ముందే అమ్మాయికి ఇంగ్లీషులో వాట్సాప్ మెసేజ్ పెట్టాడు, నేను ఏస్‌ని, నీకు ఓకేనా అని. అమ్మాయి నవ్వుతున్న బొమ్మ పెట్టి ఓకే అంది. పెళ్లయిన ఎనిమిది నెలలకు నా ఎదురుగా కూర్చుని అతను ఫోన్ తీసి ఆ మెసేజ్ చూపించాడు, 'నేను చెప్పాను మేడమ్' అని. అమ్మాయి అంది: 'ఏస్ అంటే చదువులో టాపర్ అని గొప్ప చెప్పుకుంటున్నారనుకున్నా.' ఆ అమ్మాయిని నేను తప్పు పట్టలేదు. నిపుణులకే అర్థం కుదరని మాటను ఆ పిల్ల ఎలా విప్పుకుంటుంది?

అందుకే పైన అన్నాను, ఈ పేరు పెళ్లి మాటల్లో పనికిరాదని. మీరు అసెక్సువల్ అంటే అవతలివాళ్లు సన్యాసం అనుకోవచ్చు, పిల్లలు పుట్టరనుకోవచ్చు, లేదా పెళ్లయితే అదే సర్దుకుంటుందని నవ్వి ఊరుకోవచ్చు. మీ మూడో గడిలో ఏముందో అది చెప్పాలి.

చట్టం కూడా ఇక్కడ మీ పేరును పట్టించుకోదు. నేను లాయర్ని కాదు, వచ్చినవాళ్ల కేసుల వల్ల తెలిసినంత చెబుతాను. తగిన కారణం లేకుండా చాలాకాలం శారీరక సంబంధానికి ఒప్పుకోకపోవడం మానసిక క్రూరత్వమేనని, చెన్నై నుంచి వెళ్లిన ఒక కేసులో మద్రాసు హైకోర్టు ఇచ్చిన విడాకులను సమర్థిస్తూ 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో కర్ణాటక హైకోర్టు, ఆధ్యాత్మిక కారణాలతో కాపురానికి ఒప్పుకోని భర్త మీద భార్య పెట్టిన 498ఏ కేసును (భార్యను క్రూరంగా చూశారన్న క్రిమినల్ కేసు) కొట్టేసింది. హిందూ వివాహ చట్టం ప్రకారం అది క్రూరత్వం అవుతుంది గానీ క్రిమినల్ నేరం కాదంది. ముఖ్యమైన విషయం దాచి పెళ్లికి ఒప్పించారని తేలితే, అదే వివాహ చట్టంలోని 12వ సెక్షన్ కింద పెళ్లి రద్దు అడగొచ్చు, మోసం తెలిసిన ఏడాదిలోపు. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇదంతా. ముందే విడమరిచి చెప్పడం అవతలి మనిషికి ఎంత అవసరమో మీకూ అంతే అవసరం.

నా దగ్గరికి వచ్చే అమ్మాయిలతో చెప్పే మాటలు రాయించి, గట్టిగా చదివిస్తాను. మీరు మీ మాటల్లో మార్చుకోండి. పెళ్లిచూపుల్లో మేడ మీదికి పంపే పది నిమిషాల్లో వద్దు. విడిగా, ఎదురెదురుగా కూర్చుని, తెలుగులోనే:

'నాకు ఇంతవరకు ఎవరి మీదా శారీరకమైన ఆకర్షణ కలగలేదు. మీ మీద కూడా కలగకపోవచ్చు, పెళ్లయ్యాక మారుతుందని నేను మాట ఇవ్వలేను. తోడు కావాలి, కబుర్లు కావాలి, పక్కన కూర్చుంటే ఇష్టం. పిల్లల గురించి ఇలా అనుకుంటున్నాను. ఫలానాది నాకు ఇబ్బంది లేదు, ఫలానాది నావల్ల కాదు. దీన్ని ఇంగ్లీషులో అసెక్సువల్ అంటారు, కావాలంటే చదవండి. వెంటనే జవాబు చెప్పకండి, వారం తీసుకోండి.'

'ఫలానా' దగ్గర ఖాళీలు మీరే నింపాలి. సంక్రాంతికి ఊరు వెళ్లేలోపు కూర్చుని నింపండి. అవి నిండకపోతే ఈసారికి సంబంధం వాయిదా వేయమని అమ్మతో అనండి. కారణం మొత్తం అప్పుడే చెప్పక్కర్లేదు. అమ్మకు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం అలైంగికం అనే మాట ఎత్తకండి, హైడ్రా గుర్తొస్తుంది.